ఐదో నెలలో లుకేమియా: గుంటూరులో ఒక కేసు, ఒక్కో నిర్ణయం వెనక లెక్క

ఏడాది దాటిన పిల్లల్లో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఏఎల్ఎల్, ఒక రకం రక్త క్యాన్సర్) ఇవాళ చాలావరకు నయమయ్యే జబ్బు. ఏడాది లోపు చంటిపిల్లల్లో అదే పేరుతో వచ్చేది దాదాపు వేరే జబ్బు. మందులకు త్వరగా లొంగినట్టే కనిపించి, ఏడాది తిరక్కుండానే మళ్లీ తలెత్తుతుంది. గుంటూరులో పిల్లల రక్త క్యాన్సర్లు చూసే డాక్టరుగా ఇలాంటి పసివాళ్లు నాకు అరుదుగానే ఎదురవుతారు. ఈ కేసు రాయడానికి కారణం వేరు. ఇందులో మేం తీసుకున్న ప్రతి పెద్ద నిర్ణయం, యూరప్ కేంద్రంగా జరిగిన క్లినికల్ ట్రయల్స్‌లో 'తేడా రాలేదు' అని తేలిన ఫలితాల మీద ఆధారపడింది. అలాంటి ఫలితాలను మనం విఫలమైన ప్రయోగాలుగా పక్కన పెట్టేస్తుంటాం.

తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, కుటుంబ వివరాలు, కొన్ని అంకెలు గుర్తు పట్టడానికి వీల్లేకుండా మార్చాను.

నేపథ్యం

పల్నాడు వైపు పల్లె. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన తల్లి ఇంకా అత్తారింటికి వెళ్లలేదు. పాపకు ఐదో నెల. తండ్రికి మిరప సాగు. పాప పాలు తాగడం తగ్గింది, పొట్ట ఉబ్బింది. పాలు అరగట్లేదని అమ్మమ్మ వాము నీళ్లు పట్టింది, దిష్టి తీసింది. తర్వాత తొడల మీద, వీపు మీద నీలంగా చిన్న గడ్డలు లేచాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు చేస్తే రెండు రోజులు పాప తేరుకున్నట్టే అనిపించింది. ఆ తర్వాత పాలిపోయింది.

ఆ ఇంజెక్షన్ ఖాళీ సీసాను తండ్రి జేబులో పెట్టుకుని తెచ్చాడు. డెక్సామెథాసోన్. ఎవరూ అడగకుండానే ఆయన చేసిన ఈ పని మాకు తర్వాత చాలా ఉపయోగపడింది. స్టెరాయిడ్ లుకేమియా కణాలను చంపుతుంది. అందుకే పాప రెండు రోజులు బాగుంది. అందుకే జబ్బు లెక్కలు కూడా కొంత చెదిరిపోయాయి.

మా దగ్గర చేసిన రక్తపరీక్షలో తెల్లకణాలు 1,90,000. హిమోగ్లోబిన్ 5.8, ప్లేట్‌లెట్లు 21,000. స్మియర్‌లో, అంటే గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్కలో, కనిపించినవి దాదాపు అన్నీ బ్లాస్ట్ కణాలే, అంటే ఎదగని లుకేమియా కణాలే. కాలేయం, ప్లీహం బొడ్డు దాకా తగులుతున్నాయి. నీలం గడ్డలు చర్మంలోకి చేరిన లుకేమియా. పసివాళ్లలో ఇది పెద్ద పిల్లల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటి రాత్రి

హిమోగ్లోబిన్ 5.8 అని తెలియగానే తండ్రి స్నేహితులు నలుగురు రక్తం ఇవ్వడానికి బండ్ల మీద వచ్చేశారు. ఇప్పుడే ఎక్కించం అంటే వాళ్లకు కోపం వచ్చింది. తెల్లకణాలు లక్షల్లో ఉన్నప్పుడు రక్తం అప్పటికే చిక్కబడి ఉంటుంది. దాని మీద ఎర్రకణాలు ఎక్కిస్తే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో చిన్న నాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది. పాప ఊపిరి స్థిరంగా ఉంది, గుండె తట్టుకుంటోంది. కాబట్టి తెల్లకణాలు దిగేదాకా ఆగాం. రక్తస్రావం జరగకుండా ప్లేట్‌లెట్లు మాత్రం ఆ రాత్రే ఇచ్చాం. సెలైన్ ధారాళంగా పెట్టి, కణాలు ఒక్కసారిగా చితికినప్పుడు పెరిగే యూరిక్ యాసిడ్‌ను అదుపు చేసే మందు మొదలుపెట్టాం.

కణాల పైనుండే గుర్తుల్ని చదివే ఫ్లో సైటోమెట్రీలో బీ కణాల గుర్తు సీడీ19 ఉంది, సీడీ10 లేదు, మైలాయిడ్ (లింఫాయిడ్ కాని ఇంకో తెల్లకణాల వంశం) గుర్తు సీడీ15 కొద్దిగా ఉంది. చంటిపిల్లలో ఈ మూడూ కలిసి కనిపిస్తే, జన్యువులు తెగి అతుక్కోవడాన్ని చూపే ఫిష్ పరీక్ష ఫలితం రాకముందే అనుమానం కేఎంటీ2ఏ జన్యువు మీదికి పోతుంది. పాత పేరు ఎంఎల్ఎల్. 11వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువు తెగి ఇంకో జన్యువుతో అతుక్కుంటుంది. ఏడాది లోపు వచ్చే ఏఎల్ఎల్‌లో సుమారు నాలుగింట మూడొంతుల మందిలో ఇదే కారణం. ఫిష్ అదే తేల్చింది.

తల్లి అడిగిన మొదటి ప్రశ్న, "నేను ఏమన్నా తినకూడనిది తిన్నానా సార్?" ఈ మార్పు గర్భంలో ఉండగానే, ఒక్క కణంలో, అనుకోకుండా జరుగుతుందని తెలుసు. తర్వాత లుకేమియా వచ్చిన పిల్లల రక్తపు చుక్కలు, పుట్టినప్పుడు మడమ నుంచి తీసి దాచినవి, 1990ల్లో పరీక్షిస్తే వాటిలో కూడా ఈ మార్పు దొరికింది. ఒకే మావిని పంచుకున్న కవలల్లో ఒకరికి చంటితనంలో వస్తే రెండోవాళ్లకూ రావడం దాదాపు ఖాయం. ఆ కణం మావి గుండా ఒకరి నుంచి ఇంకొకరికి చేరుతుంది. తల్లి తిన్నదానికీ దీనికీ సంబంధం లేదు, వంశపారంపర్యమూ కాదు. ఈ సంగతి అత్తింటివాళ్లు కూడా ఉన్నప్పుడు మళ్లీ చెప్పాను. ఆమెతో ఒంటరిగా చెప్పి వదిలేస్తే చాలదు.

"ట్రయల్ అంటే మా పాప మీద ప్రయోగమా?"

వైద్యం ఇంటర్‌ఫాంట్-06 (ఏడాది లోపు పిల్లల ఏఎల్ఎల్ మీద జరిగిన ట్రయల్) ప్రోటోకాల్ ప్రకారం అని చెప్పగానే తండ్రి ఈ మాట అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ట్రయల్‌లో చేరడం వేరు, ముగిసిన ట్రయల్‌లో తేలిన పద్ధతిని వాడడం వేరు. మొదటిదానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు కావాలి, వేరే సంతకం కావాలి. ఎప్పుడైనా బయటికి వచ్చేసే హక్కు కూడా ఉంటుంది. మేం చేయబోయేది రెండోది. మన దేశంలో పిల్లల ఏఎల్ఎల్ మీద జరిగిన పెద్ద బహుళ కేంద్రాల ట్రయల్ ఐసికిల్-ఏఎల్ఎల్-14లో చేర్చుకున్నది 1 నుంచి 18 ఏళ్ల వాళ్లనే. మా పాపకు ఇక్కడి లెక్కలు లేవు. బయటి దేశాల అంకెల్ని తెచ్చి, మన వార్డు పరిస్థితికి సర్ది వాడుకోవాల్సిందే.

ఇన్ని మందులు ఎందుకు అన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు తండ్రే ఇచ్చుకున్నాడు. "నల్ల తామరపురుగుకి ఒకటే మందు కొడుతుంటే మొండికేసినట్టా సార్?" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియాను మొదటిసారి తగ్గించి చూపించాడు. ఆ మందును తయారు చేసింది లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధన నడిపించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కానీ ఆ పిల్లల్లో జబ్బు కొన్ని నెలల్లోనే తిరిగొచ్చింది. ఒక మందును తట్టుకున్న కణం ఇంకోదానికి లొంగుతుందన్న లెక్కతో 1960ల మొదట్లో అమెరికాలో ఫ్రై, ఫ్రైరైక్ నాలుగు మందులు కలిపారు: విన్‌క్రిస్టీన్, మెథోట్రెక్సేట్, మెర్‌కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్. ఆ నాలుగూ ఇప్పటికీ మా వార్డు అలమారాలో ఉన్నాయి.

విన్‌క్రిస్టీన్ బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చిందన్న సంగతి మాత్రం కుటుంబాలకు చెప్పడం మానేశాను. ఒకసారి వేరే కుటుంబంలో పెరట్లోని బిళ్ళగన్నేరు ఆకు కషాయం కాచి పట్టబోయారు. అది విషం.

మోతాదు, స్టెరాయిడ్ గొడవ

ఇంటర్‌ఫాంట్ పద్ధతిలో కీమో మందుల మోతాదును శరీర వైశాల్యం ప్రకారం లెక్కించి, 6 నెలల లోపు వాళ్లకు అందులో మూడింట రెండు వంతులు, 6 నుంచి 12 నెలల వాళ్లకు నాలుగింట మూడు వంతులు, ఏడాది దాటాక పూర్తిగా ఇస్తారు. మా పాప ఇండక్షన్, అంటే మొదటి విడత కీమో, మధ్యలో ఆరో నెల దాటింది. చార్టు మీద పుట్టిన తేదీని ఎర్ర ఇంకుతో రాసి పెట్టాం. వయసు గీత దాటిన రోజు, బరువు మారిన ప్రతిసారీ మోతాదును ఇద్దరు వేర్వేరుగా లెక్కకట్టేవాళ్లు.

ఈ ప్రోటోకాల్‌లో మొదటి వారం స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తారు, వెన్నులోకి ఒక మందు తప్ప. 8వ రోజున రక్తంలో బ్లాస్ట్ కణాలు మైక్రోలీటరుకు వెయ్యి లోపుకి దిగితే మంచి స్పందన. మా పాపకు దిగాయి. తెల్లకణాలు 3 లక్షల లోపే, స్పందన మంచిది, కేఎంటీ2ఏ ఉంది. కాగితం మీద మీడియం రిస్క్.

ఇక్కడ ఆ ఖాళీ సీసా గుర్తొచ్చింది. మేం లెక్క మొదలుపెట్టకముందే పాపకు స్టెరాయిడ్ పడింది. అలాంటప్పుడు మొదటి రోజు చూసిన 1,90,000 అసలు సంఖ్యేనా? అంతకుముందు 3 లక్షలు దాటి ఉంటే ఆరు నెలల లోపు వయసుతో కలిపి హై రిస్క్ అయ్యేది. 8వ రోజు అంకె కూడా మొదటి వారం స్టెరాయిడ్‌ది మాత్రమే కాదు. కాబట్టి మీడియం రిస్క్ అన్న ముద్రను నమ్మకుండా, ఇండక్షన్ చివర్లో ఎముక మజ్జలో మిగిలే వ్యాధి జాడ, అంటే ఎంఆర్‌డీ, చూశాకే ముందుకు పోవాలని అనుకున్నాం. జ్వరాలకు డెక్సా ఇంజెక్షన్ కొట్టేసే అలవాటు మన జిల్లాల్లో ఎంతగా పాతుకుపోయిందో అందరికీ తెలుసు. లుకేమియా పిల్లల్లో దాని నష్టం ఇలా, రిస్క్ గ్రూపు లెక్కలోకి దూరి వస్తుంది.

ఇండక్షన్ అంతా వార్డులోనే ఉంచాం. అమెరికాలో జరిగిన పీ9407 ట్రయల్‌లో మొదట్లో చేరిన పసివాళ్లలో ఇండక్షన్‌లోనే మరణాలు ఎక్కువగా జరిగితే, డెక్సామెథాసోన్ బదులు ప్రెడ్నిసోన్‌కి మారి, పిల్లల్ని ఆస్పత్రిలోనే ఉంచాలన్న నియమం పెట్టాక అవి బాగా తగ్గాయి. ఈ దశలో చంటిపిల్లలకు జబ్బుతో పాటు ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాల మీదికి తెస్తుంది. అమ్మమ్మకు చేతులు కడుక్కోవడం నర్సమ్మ నేర్పింది. ఆ తర్వాత అమ్మమ్మే వార్డులో మిగతా వాళ్లకు నేర్పడం మొదలుపెట్టింది, ఒక్కోసారి గద్దించి మరీ.

ఇండక్షన్ ముగిశాక

మైక్రోస్కోపులో మజ్జ శుభ్రంగా ఉంది. గడ్డలు పోయాయి, పొట్ట మెత్తబడింది, పాప నవ్వుతోంది. తాతగారు, అంటే తండ్రి తండ్రి, వచ్చి "నయమైపోయిందిగా, ఇంక తీసుకుపోతాం" అన్నారు. ఫ్లో పద్ధతిలో ఎంఆర్‌డీ 0.4 శాతం వచ్చింది. పదివేల కణాల్లో 40. ఇంటర్‌ఫాంట్ పరిశోధకులు ఎక్కువ, తక్కువ అని విడదీసిన గీత పదివేలకు 5. వాళ్లు కొలిచింది జన్యు పదార్థాన్ని లెక్కించే పీసీఆర్‌తో, మేం కొలిచింది ఫ్లోతో. ఆ గీతను యథాతథంగా ఇక్కడికి తెచ్చి పెట్టడం పూర్తిగా సరికాదు. కానీ ఇది గీతకు దగ్గరలో ఉన్న అంకె కాదు, ఎనిమిది రెట్లు. ఏ పద్ధతిలో కొలిచినా ఎక్కువే.

తర్వాత ఏం ఇవ్వాలి? ఈ కేసులో మేం ఎక్కువగా కొట్టుమిట్టాడింది ఇక్కడే.

పసివాళ్ల లుకేమియా కణాల్లో లింఫాయిడ్, మైలాయిడ్ లక్షణాలు రెండూ కొంత కలిసి ఉంటాయి. అందుకని మైలాయిడ్ లుకేమియాకు వాడే గట్టి మందులు ఇస్తే మేలేమో అన్న ప్రశ్నతో ఇంటర్‌ఫాంట్-06 నడిచింది. 2006 నుంచి 2016 దాకా 651 మంది పసివాళ్లు చేరారు. మీడియం, హై రిస్క్ వాళ్లలో ఒక సగానికి ఇండక్షన్ తర్వాత మామూలు లింఫాయిడ్ పద్ధతి, ఐబీ అంటారు: సైక్లోఫాస్ఫమైడ్, సైటారబిన్, మెర్‌కాప్టోప్యూరిన్. రెండో సగానికి ఏడీఈ, ఎంఏఈ అనే మైలాయిడ్ పద్ధతి: సైటారబిన్, ఎటోపోసైడ్‌తో పాటు ఒకసారి డౌనోరూబిసిన్, ఇంకోసారి మైటోక్సాంట్రోన్. ఆరేళ్ల నాటికి జబ్బు తిరగబడకుండా ఉన్నవాళ్లు రెండు వైపులా 40 శాతానికి కాస్త తక్కువే. తేడా లేదు.

తేడా లేదంటే ఏది ఇచ్చినా ఒకటే అని కాదు. ఫలితం సమానమైనప్పుడు, మన వార్డు దేన్ని మోయగలదు అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. మైలాయిడ్ మందులతో తెల్లకణాలు వారాల తరబడి అట్టడుగున ఉంటాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా మన ఆస్పత్రుల్లో ఎంత ఉందో తెలిసినవాళ్లకు ఆ వారాలంటే టెన్షన్. ఐబీ కాస్త సులువు. ఆ ట్రయల్ మాకు ఐబీ తీసుకునే స్వేచ్ఛ ఇచ్చింది.

కానీ 2021లో అదే ట్రయల్ నుంచి ఇంకో విశ్లేషణ వచ్చింది. ఇండక్షన్ తర్వాత ఎంఆర్‌డీ తక్కువ ఉన్నవాళ్లకు లింఫాయిడ్ పద్ధతి మేలు చేసింది, ఎక్కువ ఉన్నవాళ్లకు మైలాయిడ్ పద్ధతి మేలు చేసింది. రెండూ కలిపి చూస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని 'తేడా లేదు' అని కనిపించింది. ఉప గుంపుల విశ్లేషణను నేను మామూలుగా అనుమానంతోనే చదువుతాను. గుంపుల్ని చీల్చుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఏదో ఒక తేడా కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం తర్కం కుదిరింది: లింఫాయిడ్ మందులతో మొదలుపెట్టిన ఇండక్షన్‌కి లొంగనివాళ్లకు మళ్లీ అవే తరహా మందులు పనిచేయకపోవడం వింతేం కాదు.

మూడో దారి బ్లినాటుమోమాబ్. దీని గురించి తండ్రి మాకంటే ముందే యూట్యూబ్‌లో చూసి అడిగాడు. ఈ మందు ఒక కొసతో కణం మీది సీడీ19ని, ఇంకో కొసతో మన రక్షణ టీ కణాన్ని పట్టుకుని రెండింటినీ దగ్గరకు చేరుస్తుంది. 2023లో వెలువడిన అధ్యయనంలో ఇంటర్‌ఫాంట్-06 వైద్యానికి ఇండక్షన్ తర్వాత ఒక సైకిల్ బ్లినాటుమోమాబ్ కలిపారు. 30 మంది పసివాళ్లు. రెండేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 81.6 శాతం, పాత ఇంటర్‌ఫాంట్-06 పిల్లల్లో అదే 49.4. బతికి ఉన్నవాళ్లు 93.3 శాతం, పాతవాళ్లలో 65.8.

ముప్పై మందే. చీటీ వేసి రెండు గుంపులు చేసిన ట్రయల్ కూడా కాదు, పాత పిల్లలతో పోల్చిన అధ్యయనం. పాతవాళ్లతో పోల్చడంలో చిక్కు ఏమిటంటే, కాలం మారిన కొద్దీ నర్సింగ్, యాంటీబయాటిక్స్ మెరుగై ఫలితాలు వాటంతటవే పెరుగుతాయి. ఆ పుణ్యాన్ని కొత్త మందు ఖాతాలో వేసేస్తాం. కానీ ఈ జబ్బులో అలా పెరగలేదు. 1999లో మొదలైన ఇంటర్‌ఫాంట్-99లో నాలుగేళ్లకు ఏ గండమూ లేకుండా ఉన్నవాళ్లు 47 శాతం. తర్వాత పదేళ్లు నడిచిన ఇంటర్‌ఫాంట్-06లో ఆరేళ్లకు 46.1. ఇంత కష్టపడ్డా గీత కదల్లేదు. కదలని గీత పక్కన నిలబెట్టి చూశాం కాబట్టే ముప్పై మంది ఫలితాన్ని కూడా నమ్మబుద్ధేసింది. ఆ రెండు నిరాశపరిచిన ట్రయల్స్ లేకపోతే 81.6 అన్న అంకెను దేని పక్కన పెట్టి చూసేవాళ్లం?

పని చేయనిది

అప్పటికి బ్లినాటుమోమాబ్‌కు డబ్బు లేదు. కీమో ఖర్చు ఆరోగ్య పథకం కింద సాగుతోంది. ఈ మందుకు వేరే దారి వెతకాలి. మా సోషల్ వర్కర్ దాతల కోసం తిరగడం మొదలుపెట్టింది. చేతులు కట్టుకుని కూర్చోలేం కాబట్టి, ఈలోగా ఐబీ మొదలుపెట్టాం. మైలాయిడ్ పద్ధతి ఎందుకు కాదు అంటే, అది మొదలుపెట్టాక మధ్యలో డబ్బు సమకూరినా, కణాలు కోలుకునేదాకా బ్లినాటుమోమాబ్ ఇవ్వలేం. పైగా ఆ నెల మా వార్డులో మందులకు లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా తిరుగుతోంది.

మందుల మధ్య విరామంలో పాపను అమ్మమ్మగారింటికి పంపాం. వార్డులో ఉన్న బ్యాక్టీరియా కంటే ఇంట్లో ఉండే బ్యాక్టీరియా మేలన్నది అందరూ ఒప్పుకునే లెక్కే. జ్వరం వస్తే వెంటనే రమ్మని చెప్పాం, కాగితం మీద రాసిచ్చాం. జ్వరం రాత్రి పొద్దుపోయాక వచ్చింది. పారాసిటమాల్ వేస్తే తగ్గింది. చీకట్లో చంటిపిల్లతో ఎక్కడికి, తెల్లారాక పోదాంలే అని పెద్దవాళ్లు అన్నారు. వచ్చేసరికి చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయి, బీపీ అందడం లేదు. ఐసీయూలో గట్టెక్కింది.

'వెంటనే' అన్న మాటను ఆ ఇంట్లో తెల్లారాక అని అర్థం చేసుకోవడం సహజం. ఆ తర్వాత నియమం మార్చాం: 38 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేయకముందే ఫోన్, గంటలోపు యాంటీబయాటిక్ మొదటి డోసు. గంటలోపు అంటే ఊళ్లో ఉండి కుదరదు. ఆస్పత్రికి నడిచి వచ్చేంత దూరంలో ఒక గది అద్దెకు ఇప్పించాం. అద్దె ఎవరు కట్టాలన్న దాని మీద పుట్టింటికీ అత్తింటికీ కాసేపు మాటలు నడిచాయి. చివరికి తాతగారే కట్టారు.

ఐసీయూ నుంచి బయటపడ్డాక మజ్జ మళ్లీ చూస్తే ఎంఆర్‌డీ 0.3 శాతం. కొలతలో ఉండే తేడాను తీసేస్తే, కదల్లేదనే లెక్క. 2021 విశ్లేషణ చెప్పినట్టే జరిగింది.

పని చేసింది

డబ్బు అప్పటికి కూడింది. ఎంచుకోవడం కష్టం కాలేదు. సెప్సిస్ (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్) నుంచి అప్పుడే లేచిన పాపకు మైలాయిడ్ మందులు ఇస్తే ఇంకో సెప్సిస్‌ని పిలిచినట్టే. బ్లినాటుమోమాబ్ తెల్లకణాల్ని అంతగా పడగొట్టదు. అధ్యయనంలో దీన్ని ఇండక్షన్ అయిన వెంటనే ఇచ్చారు, మేం కొంత ఐబీ తర్వాత ఇస్తున్నాం. ఆ తేడాను తల్లిదండ్రులకు చెప్పే సంతకం తీసుకున్నాం.

మోతాదు చదరపు మీటరుకు రోజుకు 15 మైక్రోగ్రాములు, 28 రోజులు రాత్రీ పగలూ ఆగకుండా. వినడానికి తేలికే. రెండు దారులున్న సెంట్రల్ లైన్ పెట్టి, ఒక దారిని ఈ మందుకే వదిలేశాం. ఆ దారిని ఎవరూ ఫ్లష్ చేయకూడదు. ట్యూబులో నిలిచిన మందు ఒక్కసారిగా లోపలికి పోతుంది. మా నర్సులకు లైన్ చూడగానే ఫ్లష్ చేయడం చేతికి అలవాటైన పని. ఆ దారికి ఎర్ర టేపు చుట్టి, మూతకి 'ముట్టొద్దు' అని తెలుగులో రాసి అంటించాం. వారం రోజులు నడిచే సంచిలో ప్రిజర్వేటివ్‌గా బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది, చంటిపిల్లలకు అది పనికిరాదు. అందుకని అది లేని సంచులు కలిపించి తరచూ మార్చాం. కరెంటు పోయి జనరేటర్ అందుకునే సందులో పంపు ఆగకుండా, బ్యాటరీ నిండిన రెండో పంపు పక్కనే సిద్ధంగా ఉండేది.

ఈ మందుతో భయపడాల్సినవి రెండు: ఒళ్లంతా ఎగసే జ్వరం, బీపీ పడిపోవడం ఒకటి, మెదడు మీద ప్రభావం రెండోది. మొదటిదానికి ముందుగా డెక్సామెథాసోన్ ఇచ్చాం. రెండో రోజు జ్వరం వచ్చింది, ఇన్ఫెక్షన్‌గానే భావించి యాంటీబయాటిక్ ఇస్తూ గమనించాం, తగ్గింది. రెండోదాన్ని పెద్దవాళ్లలో కాగితం మీద ఒక వాక్యం రోజూ రాయించి కనిపెడతారు. చంటిపిల్లకు ఏం రాయిస్తాం? అమ్మమ్మకు అప్పగించాం: పాప మొహం చూసి నవ్వుతోందా, గిలక్కాయ వైపు తల తిప్పుతోందా, పాలు ఎప్పటిలా లాగుతోందా. పూటపూటకీ ఆమె చెబితే నర్సు చార్టులో రాసేది. ఒక సాయంత్రం "నా వంక చూడట్లేదు" అని ఆమె పరుగున వచ్చింది. పరీక్షిస్తే జ్వరం మొదలవుతోంది, మెదడుకు ఏమీ కాలేదు. థర్మామీటర్ కంటే ముందే పట్టుకుంది.

సైకిల్ తర్వాత ఎంఆర్‌డీ కనిపించలేదు. ఆ నివేదికను నమ్మే ముందు ల్యాబ్‌కి ఫోన్ చేశాను. మామూలుగా ఫ్లోలో లుకేమియా కణాల్ని సీడీ19 ఆధారంగానే వెతుకుతారు. బ్లినాటుమోమాబ్ తర్వాత కొన్ని కణాలు సీడీ19ని వదిలేసి దాక్కుంటాయి. సీడీ22 లాంటి వేరే గుర్తులతో వెతకమని నమూనా పంపేటప్పుడే రాశాం. అలాగే చూశామన్నారు. కేఎంటీ2ఏ జబ్బులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కణాలు పూర్తిగా వేషం మార్చి మైలాయిడ్ లుకేమియాగా తిరిగిరావచ్చు. అందుకే ఇప్పటికీ ప్రతి మజ్జ పరీక్షలో మైలాయిడ్ గుర్తులు కూడా చూస్తున్నాం.

ఆ తర్వాత మిగిలిన కీమో భాగాలు, పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్‌తో సహా, ప్రోటోకాల్ ప్రకారం నడిచాయి. మూలకణ మార్పిడి గురించి మాట్లాడుకున్నాం. ఇంటర్‌ఫాంట్‌లో దాన్ని హై రిస్క్ వాళ్లకు, వ్యాధి జాడ పోనివాళ్లకు ఉంచారు. జాడ పోయింది. ఏడాది కూడా నిండని పాపకు మార్పిడి ముందు ఇచ్చే మందుల నష్టం జీవితాంతం ఉంటుంది. వద్దనుకున్నాం. ఆ సీసా సంగతి తెలిసి కూడా వద్దనుకున్నామంటే, ఎంఆర్‌డీ మీద మేం పెట్టిన నమ్మకం అది. ఇంకో డాక్టరు మార్పిడికే మొగ్గితే తప్పు పట్టను.

ఇప్పుడు పాప మెయింటెనెన్స్ మందుల మీద, అంటే జబ్బు తిరిగిరాకుండా ఇచ్చే చివరి విడత మందుల మీద ఉంది. రోజూ మెర్‌కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. బ్లినాటుమోమాబ్ బీ కణాల్ని కూడా తుడిచేయడంతో ఇమ్యునోగ్లోబులిన్ పడిపోయింది, దాన్ని నెలనెలా ఎక్కిస్తున్నాం. ఈ జబ్బు తిరిగొచ్చేది ఎక్కువగా మొదటి రెండేళ్లలో. ఆ గడువు ఇంకా దాటలేదు.

మేం మార్చుకున్నవి

చంటిపిల్లలో ఫిష్ నివేదికలో కేఎంటీ2ఏ అని వచ్చిన రోజే బ్లినాటుమోమాబ్ డబ్బు ప్రయత్నం మొదలవ్వాలి. ఎంఆర్‌డీ వచ్చేదాకా ఆగితే, మధ్యలో ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. ఆ 'ఏదో ఒకటి' ఈ పాపను ఐసీయూకి తీసుకెళ్లింది. డబ్బు కుదరదని ముందే తేలితే, ఎంఆర్‌డీ తక్కువ ఉంటే ఐబీ. ఎక్కువ ఉంటే, విడి గది దొరికి, ఐసీయూలో పడక ఖాళీ ఉంటేనే మైలాయిడ్ పద్ధతి. ఆ రెండూ లేనప్పుడు ఆ సదుపాయం ఉన్న చోటికి పంపడం మేలు. పరువు గురించి ఆలోచించకూడదు.

రిఫరల్ పంపే డాక్టర్లకు, ఆర్‌ఎంపీలకు మేం ఇప్పుడు అడిగేది ఒక్కటే: ముందు ఏ ఇంజెక్షన్ పడిందో చీటీ మీద రాయండి, రాయడానికి ఇబ్బందైతే సీసా ఇచ్చి పంపండి.

తెగిన కేఎంటీ2ఏ పని చేయడానికి కావాల్సిన మెనిన్ అనే ప్రోటీన్‌తో అది కలవకుండా అడ్డుకునే మాత్ర, రెవుమెనిబ్, 2024లో అమెరికాలో అనుమతి పొందింది. తిరగబడిన, లేదా మందులకు లొంగని లుకేమియాకు, అదీ ఏడాది నిండినవాళ్లకే. ఈ మార్పు అందరికంటే ఎక్కువగా కనిపించే వయసువాళ్లు ఇక్కడా గీత అవతలే ఉన్నారు. మా పాపకు జబ్బు తిరిగొస్తే అప్పటికి ఆమె వయసు ఆ గీత దాటి ఉంటుంది కాబట్టి, ఆ మందు అందే దారి ఏమిటో ఇప్పటినుంచే కనుక్కుంటున్నాం.